నలిగిన ఖాకీ

మా ఊరు కండ్లకోయల ఇస్త్రీ బండి కాడ బొగ్గు వాసన తగిలితే అమ్మ యాదికొస్తది.

ఠాణాల పోలీసులు కొట్టిన దెబ్బలకు మా మేనమామ సచ్చిపోయిండు. అయినా కోర్టు మీద నమ్మకంతోని, కేసు నడిచినన్నాళ్లు అమ్మ పోలీసుల బట్టలు ఇస్త్రీ చేసింది. కొట్టినోళ్లను కోర్టు ఇడిచిపెట్టిన దినం మేడ్చల్ రోడ్డు మీద టైర్లు కాలినయి. మా బండి మీది ఖాకీ బట్టలు గూడ తగలవెడ్తమని జనం వచ్చిండ్రు.

"నేను కాలవెట్టనియ్య. ఇగ ఇస్త్రీ గూడ చెయ్య," అన్నది అమ్మ.

బొగ్గులు అయిపోయి అట్లన్నదనుకొని, అప్పుడు చిన్నగున్న నేను ఇంటికి ఉరికి బుట్టెడు తెచ్చిన. అమ్మ ఇస్త్రీపెట్టెల నిప్పుల మీద నీళ్లు వోసి, ఖాకీ బట్టల మూట నెత్తిన వెట్టుకొని ఠాణాకు నడిచింది. "మీ బట్టలు ఇగ మీరే ఇస్త్రీ చేస్కోండి సారూ," అని బల్ల మీద వెట్టింది.

తెల్లారి బందోబస్తుకు వచ్చిన పోలీసుల అంగీలన్నీ నలిగే ఉన్నయి. అమ్మను సూసి ఊర్ల ఏ ఇస్త్రీ బండోళ్లూ నిప్పు రాజెయ్యలే. ఊరంత బొగ్గులకు కరువొచ్చిందనుకొని, నా బుట్ట పట్టుకొని బండి బండికి తిరిగిన.

ఒక్కలు గూడ తీసుకోలే.