నూనె తూటా

ట్రాక్టర్లు బాగుచేసి బతికిన హార్లన్ స్వెన్‌రూడ్‌కు మోంటానా తూర్పు బీళ్ళలో పేరు తెచ్చింది మాత్రం తుపాకులే. సెప్టెంబరు వచ్చిందంటే చుట్టుపక్కల వాళ్ళు రైఫిళ్ళు పట్టుకుని అతని షెడ్డు ముందు బారులు తీరేవాళ్ళు. రైఫిల్ మీద గురి చూసే దుర్భిణి, అదే స్కోపు, దాని మర ఎంత బిగించాలో అతని మణికట్టుకే తెలుసు. ఐదు వందల గజాల దూరాన నాలుగు తూటాలు అరచేతి వెడల్పులో పడేలా గురి కుదిర్చి ఇచ్చేవాడు. కాల్చేది ఐదైనా లెక్క నాలుగే, ఎందుకంటే మొదటిది లెక్కలోకి రాదు. తుడిచి నూనె పెట్టిన రైఫిల్ గొట్టంలోంచి వచ్చే తొలి తూటా జానెడు కిందికి పోతుంది. దాన్ని నూనె తూటా అనేవాళ్ళు. ఆ రంధ్రం మీద నల్లటి పట్టీ అంటించి మిగతావాటిని మెచ్చుకోవడం అక్కడి ఆనవాయితీ. తండ్రి అతనికి నేర్పాడు, అతను ఊరికి నేర్పాడు.

ఒక ఏడు నవంబరులో అంత దూరాన్నుంచే హార్లన్ ఒక పోతు జింకను కొడితే ముందుకాలు విరిగింది. మూడు కాళ్ళ మీద లోయలోకి దిగిపోయింది. పదకొండో రోజున కంచె దగ్గర దొరికింది, ఇంకా బతికే ఉంది. పది అడుగుల నుంచి కాల్చి ముగించాడు. గాలి మోసం చేసిందని అందరికీ చెప్పాడు. చర్చి భోజనాల దగ్గర, వేటాడే జంతువును గౌరవించాలని ఏటా ఉపన్యాసాలు దంచే పెద్దమనుషులు, వేటన్నాక ఇలాంటివి మామూలేనని భుజం తట్టారు. గౌరవం ఖరీదు అంతే.

చలికాలంలో ఏమీ తోచక హార్లన్ గురి కుదిర్చేటప్పుడు కాల్చిన పాత కాగితాలు అటక మీంచి దించాడు. ఇరవై రెండు. ఒక్కో పట్టీ పీకి చూశాడు. ప్రతి కాగితంలోనూ తొలి రంధ్రం జానెడు కిందే, జింకకైతే కాలు విరిగేచోటే. బల్ల మీద ఐదు తూటాలు కాలుస్తాడు మనిషి. కొండ మీద జింక నిలబడేది ఒక్కదానికే. వేటకు ముందురాత్రి గొట్టానికి శ్రద్ధగా నూనె పెట్టుకునే ఊరంతా దానికి ఇచ్చేది ఆ లెక్కలోకి రాని తూటానే.

వేసవిలో నూనె మానేసి రోజుకొక్క తూటా కాల్చాడు, తెల్లవారుజామున, చల్లని గొట్టంతో. ముప్పై రోజుల్లో ఇరవై ఆరు కాగితం నడుమ పళ్ళెమంత చోటులో పడ్డాయి. నాలుగు పడలేదు. ఆ నాలుగింటినీ పట్టీ అంటించకుండా కాగితం మీద అలాగే వదిలేశాడు. సెప్టెంబరులో జనం వస్తే మాత్రం ఎప్పటిలాగే గురి కుదిర్చి పంపాడు. అసలు సంగతి చెప్పడానికి నోరు రాలేదు.

వేట మొదలైన రోజున పక్కన లాయిడ్ ఉన్నాడు, నలభై ఏళ్ళుగా స్నేహితుడు. ఎదుటి గట్టు మీద జింక, నాలుగు వందల ఎనభై గజాలు. ముప్పైలో పడని ఆ నాలుగూ గుర్తొచ్చి హార్లన్ రైఫిల్ ఎత్తలేదు.

"ముసలోడివైపోయావురా," అంటూ లాయిడ్ తన రైఫిల్‌ను సంచి మీద ఆనించాడు.

హార్లన్ గొట్టం మీద చెయ్యి వేశాడు. "రాత్రి నూనె పెట్టావా?"

"పెట్టకుండా ఎలా? నువ్వేగా నేర్పింది."

"అయితే కాల్చకు. పోయినేడు నాది గాలి కాదురా. నూనె తూటా."

లాయిడ్ ట్రిగ్గర్ మీంచి వేలు తీశాడు. ఇన్నేళ్ళలో గురి తప్పిందనుకుని వదిలేసి వచ్చిన జింకలు అతనికీ గుర్తొచ్చి ఉంటాయి. తూటా తప్పలేదేమో, వాటి కాళ్ళకు తగిలిందేమో.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"చలికాలంలో."

"మరి సెప్టెంబరులో నా స్కోపు బిగించావు కదా. అప్పుడేమైంది నీ నోటికి?"

హార్లన్ గొట్టం మీంచి చెయ్యి తీశాడు. జింక గట్టు దాటిపోయింది. లాయిడ్ తూటా బయటికి తీసి జేబులో వేసుకుని ట్రక్కు వైపు ఒంటరిగా నడిచాడు. ఆ వారంలోనే ఊరికంతా తెలిసింది. అప్పటికి సగంమంది తొలి తూటా కాల్చేశారు.

మరుసటి సెప్టెంబరులో హార్లన్ షెడ్డు తలుపు తీసి కూర్చున్నాడు. ఎవరూ రాలేదు. నెలాఖరున లాయిడ్ ట్రక్కు ఆ దారినే పోయింది, ఆగకుండా.