ఉప్పుకు తోడు పంచదార

మా బోటనీ మేడం పోయారని మొన్న ఉదయం పాత క్లాస్‌మేట్ ఫోన్ చేసి చెప్పింది. "నిద్రలోనేనటే, బాధేమీ పళ్ళేదట" అంది. తరవాత ఇద్దరం ఒకేసారి "ఉల్లిపొర!" అనేసి నవ్వుకున్నాం.

ఎనభైల్లో రాజమండ్రిలో ఇంటర్ చదివేటప్పుడు ఆవిడ మాకు కణం పాఠం చెప్పారు. ఎర్ర ఉల్లిపాయ నుంచి పల్చటి పొర తీసి, మైక్రోస్కోపు కింద పెట్టి ఉప్పునీళ్ళ చుక్క వేసేవారు. కణంలోని ఊదారంగు మెల్లగా ముడుచుకునేది. మంచినీళ్ళు వేస్తే మళ్ళీ విచ్చుకునేది. మాకంటే ముందు తనే చూసి "అబ్బ!" అనేవారు. ఏటా చూసేదే అయినా ఆ "అబ్బ" మాత్రం ఎప్పుడూ పాతబడలేదు.

"మాగాయ ముక్కలకి ఉప్పు పట్టిస్తే అంత ఊట ఎక్కణ్ణుంచొస్తుందర్రా?" అని అడిగేవారు. మేం బిక్కమొహాలు వేస్తే, "ముక్కలోదే. ఉప్పు పిలిచింది, నీళ్ళొచ్చాయి" అనేవారు. కణం చుట్టూ ఉండే పొర గురించి ఆవిడన్న మాట ఒకటి నేనింతవరకూ మరిచిపోలేదు. "బతికున్నంతసేపూ ఎవర్ని రానివ్వాలో, ఎవర్ని ఆపాలో దానికి తెలుసు. ప్రాణం పోయాకే అందరికీ దారిస్తుంది."

ఆ ఏడు గోదావరికి పెద్ద వరదొచ్చింది. నీళ్ళు తీశాక ధవళేశ్వరం దిగువన, చేపలు పట్టుకునేవాళ్ళ పేటలో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. కాలేజీలో పోగుచేసిన సరుకులు పట్టుకుని మేడంతో కొందరం వెళ్ళాం. ఒక పాకలో చంటిపిల్ల కళ్ళు లోతుకుపోయి, తల్లి ఒళ్ళో వేలాడిపోతోంది. పిలిస్తే పలకడం లేదు. రోడ్డు కోసుకుపోవడంతో తండ్రి డాక్టరు కోసం పడవ మీద వెళ్ళాడు.

మేడం నీళ్ళు కాచి చల్లార్చి, కొలత ప్రకారం ఉప్పూ పంచదారా కలిపారు. పిల్ల నాయనమ్మ అడ్డం కూర్చుంది.

"నీళ్ళు పట్టకండమ్మగారూ! పట్టిందంతా పోద్దండి. కడుపు మాడిస్తేనే ఇరేచనాలు కడతాయండి."

"నేను డాక్టర్ని కాదు మామ్మా. కానీ ఆయనొచ్చేదాకా నీళ్ళు ఆపకూడదు" అన్నారు మేడం. "పేగు లోపలి పొర ఇప్పుడు ఉప్పుని ఒక్కదాన్నే అయితే సరిగ్గా రానివ్వదు. పంచదార తోడొస్తే రెండిటికీ కలిపి తలుపు తీస్తుంది. వాటి వెనకే నీళ్ళెళ్తాయి. ఇంత జబ్బులోనూ ఆ తలుపు మాత్రం చెడిపోదు."

"తోడుంటేనే రానిస్తాదా?" అని నాయనమ్మ అడిగింది. తరవాత పక్కకి జరిగింది.

చెంచాతో కొంచెం కొంచెంగా పోశారు. పిల్ల కక్కేసింది. తల్లి మేడం వైపు చూసింది. "కాసేపాగి మళ్ళీ పట్టిద్దామమ్మా" అన్నారావిడ. మళ్ళీ పట్టారు. ఈసారి నిలిచింది. నా చెవి దగ్గరికి వంగి, "కంటికి కనపడని పొర. మన ఆశంతా దానిమీదే చూడు" అన్నారు. పుస్తకంలో నేను పరీక్ష కోసం గీసిన బొమ్మ ఆ పిల్ల కడుపులో నిజంగా పనిచేస్తోందని నాకప్పుడే తోచింది.

సాయంత్రం పడవలో వచ్చిన డాక్టరు పిల్లకి ఇక భయం లేదన్నారు. నా మనసులో మిగిలింది మాత్రం ఆయన రాకముందు జరిగింది.

పిల్ల నాలిక చాపి చెంచా కోసం వెతుక్కుంది. అందించడం ఆలస్యమైందని కోపమొచ్చి కెవ్వుమంది. కళ్ళ చివర తడి చేరింది. తల్లి కొంగుతో తుడవబోతే మేడం ఆపారు.

"ఉండమ్మా, తుడవకు. పొద్దున్న ఈ ఒంట్లో కన్నీటి చుక్కయినా లేదు."

ఆ చుక్క పిల్ల బుగ్గ మీదుగా జారి గడ్డం దగ్గర ఆగింది. మేడం మోకాళ్ళ మీద కూర్చుని, దాన్నే చూస్తూ ఉండిపోయారు.