క్యాచర్ రే, సుశీల ఆంటీ

2005 వసంతంలో నేను అమెరికాలో ఫీనిక్స్ నగరం పక్కనున్న చాండ్లర్‌లోని ఒక చిన్న క్లినిక్‌లో హ్యాండ్ థెరపిస్ట్‌గా పనిచేసేదాన్ని. విరిగిన చేతులకు, ఆపరేషన్ అయిన వేళ్ళకు మళ్ళీ పని నేర్పించడం మా వృత్తి. ఆ నెలల్లో కిటికీ తెరిస్తే నారింజ పూత వాసన వచ్చేది. ఫీనిక్స్ చుట్టూ బేస్‌బాల్ జట్లు ప్రాక్టీసుకు దిగేవి కాబట్టి ఆటగాళ్ళు మాకు కొత్త కాదు. అయినా రే లాంటివాడు మళ్ళీ రాలేదు.

రే క్యాచర్. అంటే బ్యాటర్ వెనక గొంతుక్కూర్చుని బంతి పట్టేవాడు. ముప్పై దాటినా పెద్ద లీగ్‌కి చేరలేదు. చిన్న ఊళ్ళ జట్లతో బస్సుల్లో తిరుగుతూ ఆడాడు. బంతి తగిలి కుడి బొటనవేలి మొదట్లో ఎముక చితికితే, సర్జరీ అయ్యాక మా దగ్గరికి వచ్చాడు.

"సెకండ్ బేస్ దాకా విసరగలిగితే చాలు. మిగతాది నేను చూసుకుంటా," అన్నాడు మొదటిరోజే. క్యాచర్ కూర్చునే చోటికి సరిగ్గా ఎదురుగా, నూట ఇరవై అడుగుల పైనే దూరంలో ఉంటుంది ఆ బేస్.

అదే సమయానికి, తెలుగు తప్ప మరో భాష రాని సుశీల ఆంటీ వచ్చేవారు. ఆవిడ కొడుకు కంప్యూటర్ చిప్‌ల కంపెనీలో ఇంజనీరు. బాత్రూంలో జారిపడి ఆంటీ మణికట్టు విరిగింది. కట్టు విప్పాక వేళ్ళు బిగుసుకుపోయాయి. అందుకు టెండన్ గ్లైడింగ్ అనే వ్యాయామం ఉంది. వేళ్ళు చాపాలి, కొక్కెంలా వంచాలి, పిడికిలి బిగించాలి. ఆంటీ చేసేవారు కాదు.

"నొప్పెడుతోందమ్మాయ్. ఈ చెయ్యి బాగయ్యాక నేనేమన్నా ఉద్యోగానికెళ్ళాలా? వదిలెయ్."

ఒకరోజు ఎదురు కుర్చీలోంచి రే అడిగాడు. "ఆవిడేమంటున్నారు?"

ఆంటీ సరేనంటే చెప్పాను. అతను కుర్చీ లాక్కొచ్చి ఆవిడ ముందు కూర్చున్నాడు. ఏ బంతి వేయాలో పిచర్‌కి, అంటే బంతి విసిరేవాడికి, క్యాచర్లు వేళ్ళతో సైగ చేస్తారు. ఒక వేలంటే వేగంగా, రెండంటే వంపు తిరిగేలా, పిడికిలంటే బ్యాటర్‌కి అందనంత దూరంగా. ఒక్క మాట లేకుండా అవన్నీ ఆవిడకి నేర్పాడు. ఆంటీ సైగ చేయాలి, అతను స్పాంజి బంతి అలాగే నావైపు విసరాలి. వేళ్ళు సరిగా వంగకపోతే తల అడ్డంగా ఊపేవాడు.

"ఈయనకేదీ నచ్చదేంటే," అని విసుక్కుంటూనే ఆంటీ మళ్ళీ వంచేవారు. వాళ్ళ ఆట చూడ్డానికి మిగతా పేషెంట్లు కాస్త ముందే వచ్చేవారు.

ఆంటీ వేళ్ళు విచ్చుకున్నాయి. రే బొటనవేలు మాత్రం ఒకచోట ఆగిపోయింది. పట్టు బలాన్ని కొలిచే డైనమోమీటర్ ముల్లు ఎన్నాళ్ళైనా అక్కడే నిలిచింది.

చివరికి చెప్పక తప్పలేదు. "రే, ఇంటి పనులకి, డ్రైవింగ్‌కి ఈ చెయ్యి చాలు. సెకండ్ బేస్‌కి చాలదు. సర్జన్ కూడా అదే అన్నారు."

రే ఆ చేతిని తిప్పి చూసుకున్నాడు. "నాకు వచ్చింది ఇదొక్కటే. రేపు పొద్దున లేచి ఎక్కడికెళ్ళను?"

పక్క టేబుల్ నుంచి ఆంటీ "ఏమైందమ్మాయ్?" అన్నారు. చెప్పమన్నట్టు రే తలాడించాడు. చెప్పాను.

"కుర్రాళ్ళకి నేర్పుకోమను," అన్నారావిడ. "నా కొడుకు చెప్తే వినలేదు, నువ్వు చెప్తే వినలేదు. భాష రానివాడు చెప్తే విన్నాను."

నేను ఇంగ్లీషులో చెప్పేసరికి అతని కళ్ళు తడిశాయి. "ఆవిడ నిజంగా అలాగే అన్నారా?" అని మళ్ళీ అడిగి చెప్పించుకున్నాడు.

ఆ వేసవిలోనే కొత్తవాళ్ళ జట్టులో అసిస్టెంట్ కోచ్‌గా చేరాడు. కొన్నేళ్ళకి మేనేజర్ అయ్యాడు. బేస్‌బాల్‌లో మేనేజర్ అంటే జట్టును నడిపించేవాడు. అతని జట్టు రెండుసార్లు లీగ్ గెలిచింది. తను అడుగుపెట్టలేని పెద్ద లీగ్‌కి ఎంతోమంది కుర్రాళ్ళను పంపాడు.

2014లో ఫోన్ చేశాడు. "మా పిచర్ ఒకతన్ని మీ దగ్గరికి పంపుతున్నా. చెయ్యి మళ్ళీ ఆటకి పనికిరాదనుకుంటే నిజమే చెప్పండి. కానీ ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పకండి. నాకు చెప్పినరోజు పక్కన ఆవిడ ఉన్నారు."

అప్పటినుంచి చేదు మాట చెప్పాల్సి వస్తే, ముందుగా "మీ పక్కన ఎవరుంటే బాగుంటుంది?" అని అడుగుతున్నాను. చాలామంది ఎవరో ఒకరి పేరు చెబుతారు. చెప్పలేనివాళ్ళ దగ్గర నేనే ఇంకాసేపు కూర్చుంటాను.