రేగడిలో దిగబడిన జీపు

"చెల్లె, నీకు పాస్‌పోర్టు ఉన్నదా?" అని నాకు తరచూ పనులిచ్చే ఒక అక్క ఫోన్‌లో అడిగినప్పుడు నేను పాలకుర్తిలో ఒక పెళ్ళిలో ఉన్నాను. బ్యాండు మోతలో సరిగా వినపడలేదు. భోజనాల పందిరి వెనక్కి వెళ్ళి మళ్ళీ ఫోన్ చేశాను. ఆవిడ భర్త భూపాలపల్లిలో రోడ్ల కాంట్రాక్టులు చేస్తారు. ఇంటిల్లిపాదీ కెన్యాకు సింహాలను చూడటానికి వెళ్తున్నారట. ఫొటోలకు నేను కూడా రావాలట.

నాది జనగామలో చిన్న స్టూడియో. ఆడవాళ్ళ వేడుకలు ఎక్కువగా చేస్తాను. పసుపు రాసేటప్పుడు, గాజులు వేసేటప్పుడు మగ ఫొటోగ్రాఫరు ఎదురుగా ఉంటే ఇబ్బంది పడేవాళ్ళు నన్ను పిలుస్తారు. ఆ ఇంటి అమ్మాయి ఓణీల ఫంక్షన్ నేనే తీశాను. తర్వాత వాళ్ళ గృహప్రవేశం, ఆ తర్వాత వాళ్ళ చుట్టాల ఇళ్ళలో సీమంతాలు, పెళ్ళిళ్ళు. చూస్తుండగానే ఏడాదిలో సగం పని ఆ ఒక్క ఇంటి మాట మీద వచ్చేదయింది. అందుకే అక్కడి నుంచి ఫోన్ వస్తే కుదరదన్న మాట నా నోటికి రాదు.

ఆ రోజు మాత్రం నిజంగానే సంబరపడ్డాను. నేను పుట్టింది కొత్తగూడ దగ్గర ఊళ్ళో. చిన్నప్పుడు ఒక తెల్లవారుజామున అమ్మతో ఇప్పపూలు ఏరడానికి వెళ్తే, మాకంటే ముందే ఒక ఎలుగుబంటి వచ్చి చెట్టు కింద పూలు తింటోంది. అమ్మ నన్ను వెనక్కి లాగి, నోటి మీద చెయ్యి పెట్టి, అది వెళ్ళేదాకా కదలనివ్వలేదు. నాకు భయం వేయలేదు. ఇంకాసేపు ఉంటే బాగుండుననిపించింది. స్టూడియో పెట్టాక హైదరాబాదు వెళ్ళి, ఎవరో వాడేసిన పొడుగు లెన్సు ఒకటి తెచ్చుకున్నాను. పెళ్ళిళ్ళలో దానికి పని లేదు. తీరిక దొరికిన ఆదివారం చెరువుల దగ్గర కొంగల్ని తీసేదాన్ని. "జంతువులను తీసుకునేందుకు నీకు మస్తు టైం ఉంటది" అని అక్క అంది. ఆ మాట నమ్మి లెన్సు సర్దుకున్నాను.

కెన్యాలో మాకిచ్చిన జీపులో మేము ఆరుగురం. కాంట్రాక్టరు గారిని అందరిలాగే నేనూ సార్ అంటాను. ఆయన, అక్క, చదువు పూర్తయిన వాళ్ళమ్మాయి, సార్ వాళ్ళ అమ్మ, నేను, డ్రైవరు. సార్ తన తల్లిని అవ్వ అని పిలుస్తారు. నేనూ అలాగే పిలిచేదాన్ని. ఆమెకు డెబ్బై దాటాయి. పాలకుర్తి అవతల ఊళ్ళో చిన్న కొడుకు దగ్గర ఉంటూ ఇప్పటికీ పత్తి చేను చూసుకుంటుంది. ఆమెకు లోకం చూపించాలని సార్ పట్టుబట్టి తీసుకొచ్చారు. విమానం ఎక్కినప్పటి నుంచి ఆమె ఎక్కువ మాట్లాడలేదు. ఎక్కమన్నచోట ఎక్కేది, దిగమన్నచోట దిగేది.

డ్రైవరు ఆ దేశపు మనిషి, యాభై ఏళ్ళవాడు. మొదటి రోజు అవ్వకు చెయ్యి అందిస్తూ "మామా" అన్నాడు. వాళ్ళ భాషలో పెద్దావిడను మర్యాదగా అలా పిలుస్తారట.

"మామ అంటడేంది నన్ను? ఆడమనిషినని కనిపిస్తలేదా?" అంది అవ్వ.

అమ్మాయి ఇంగ్లీషులో విషయం చెబితే అతను పడీపడీ నవ్వాడు. అప్పటి నుంచి "అవ్వా" అనేవాడు. ఆ పిలుపు ఆమెకు నచ్చింది.

అతను చెప్పిన నియమాలు కొన్నే. జీపు దిగకూడదు, చేతులు బయట పెట్టకూడదు, గట్టిగా మాట్లాడకూడదు. జీపు పైకప్పు పైకి లేస్తుంది. సీట్ల మీద నిలబడి ఆ సందులోంచి చూడాలి. పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నం దాకా, మళ్ళీ మూడింటి నుంచి చీకటి పడేదాకా అందులోనే. కాళ్ళు చాపుకునే చోటు లేదు.

నా పనేమిటో మొదటి గంటలోనే తెలిసింది. ఏనుగుల గుంపు కనపడగానే సార్, అక్క, అమ్మాయి ముగ్గురూ వాటికి వీపు పెట్టి నా వైపు తిరిగి నిలబడ్డారు. "మా వెనక ఏనుగులు కనబడాలె" అన్నారు సార్. నేను రెండు సీట్ల మధ్య ఒదిగి కూర్చుని కింది నుంచి తీశాను. వాళ్ళ ముఖాలు చక్కగా వచ్చాయి. దూరంగా ఉన్న ఏనుగులు బూడిదరంగు మరకల్లా వచ్చాయి. జిరాఫీ దగ్గరా అంతే, నీటిగుర్రాల దగ్గరా అంతే. రెండో రోజు ఒక చీతా చెదపుట్ట ఎక్కి కూర్చుంది. గాలికి దాని చెవుల వెంట్రుకలు కదులుతున్నాయి. నేను పొడుగు లెన్సు బిగించి కన్ను పెట్టానో లేదో, అక్క భుజం తట్టింది.

"చెల్లె, ముందుగాల మమ్ముల తియ్యి. అది ఉరికిపోతది మల్ల."

లెన్సు మార్చి వాళ్ళను తీశాను. అయిపోయేసరికి చీతా దిగి గడ్డిలోకి వెళ్ళిపోయింది. అక్కది చెడ్డ మనసు కాదు. తింటూ ఉంటే చెక్కల్లాంటి గారెప్పల డబ్బా ముందు నాకే చాపేది. నన్ను తీసుకొచ్చింది ఫొటోల కోసం, నేను వచ్చింది ఫొటోల కోసం. రెండూ ఒకటి కావని చెప్పడం నాకు చేతకాలేదు. నాలుగు రోజులు అలాగే గడిచాయి.

అయిదో రోజు మధ్యాహ్నం పెద్ద వాన పడింది. వెలిసాక బయల్దేరాం. ఆ మైదానంలో నేల నల్లగా ఉంది. దారి మలుపులో గడ్డి మధ్య ఒక ఆడ సింహం, మూడు పిల్లలు పడుకుని కనిపించాయి. ఇంకాస్త దగ్గరికి పోనిమ్మని సార్ అన్నారు. డ్రైవరు తల అడ్డంగా ఊపాడు. సార్ మళ్ళీ చెప్పారు. అతను దారి వదిలి రెండు జీపుల దూరం వెళ్ళాడో లేదో, వెనక చక్రాలు జర్రున జారి ఒక పక్కకు ఒరిగి ఆగిపోయాం. ఇంజను ఎంత మోత చేసినా చక్రాలు తిరగడమే తప్ప బండి కదల్లేదు.

అవ్వ కిటికీలోంచి కిందికి వంగి చూసింది.

"రేగడి. మన దిక్కు అసొంటిదే. తిప్పకుమనుర్రి. తిప్పినకొద్ది ఇంకింత లోపటికి దిగుతది."

అమ్మాయి ఆ మాట చెప్పేలోపే డ్రైవరు ఇంజను ఆపేశాడు. అతనికీ తెలుసు. రేడియోలో ఎవరితోనో మాట్లాడి, వాగు పొంగిందనీ, ఇంకో జీపు చుట్టూ తిరిగి రావాలనీ, రెండు మూడు గంటలు పడుతుందనీ చెప్పాడు. ఆడ సింహం మాకు ముప్పై అడుగుల దూరంలో ఉంది. తల ఎత్తి ఒకసారి మా వైపు చూసి మళ్ళీ దించుకుంది.

మొదటి గంట సార్ ఊరుకోలేదు. ఫోన్ పైకెత్తి సిగ్నల్ కోసం చూశారు. దిగి నెడతానన్నారు. డ్రైవరు సింహాన్ని చూపించాడు. భూపాలపల్లిలో ఆయన ఒక్క ఫోన్ చేస్తే జేసీబీ వస్తుంది. ఇక్కడ చెప్పడానికి ఎవరూ లేరు. కాసేపటికి ఆయన కూర్చుని మెడ రుద్దుకుంటూ ఉండిపోయారు. అద్దాలు సగం ఎత్తి ఉన్నాయి. లోపల ఉక్క, తడిసిన బూట్ల వాసన. అక్క కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకుంటోంది. తలుపు అరచేతి దూరంలో ఉంది, తెరవడానికి లేదు.

రెండో గంటలో అవ్వ నా మణికట్టు పట్టుకుంది. ఆమె చెయ్యి చల్లగా ఉంది.

"బిడ్డా, ఒంటికి పోవాలె" అంది నా చెవిలో.

అప్పుడు నాకు చాలా సంగతులు ఒక్కసారిగా అర్థమయ్యాయి. ఆమెకు షుగరు ఉంది. అయినా నాలుగు రోజులుగా జీపెక్కే ముందు ఆమె నీళ్ళు ముట్టడం నేను చూడలేదు. మధ్యాహ్నం హోటల్‌కు రాగానే ఎవరితోనూ మాట్లాడకుండా గదికి ఎందుకు నడిచేదో ఇప్పుడు తెలిసింది. ఈ రోజు తలనొప్పిగా ఉందని, అక్క బలవంతం చేస్తే ఒక సీసా నీళ్ళు తాగింది.

"జరసేపు ఆపుకుంటరా అవ్వా?"

"ఎప్పటిసంది ఆపుకున్న బిడ్డా. ఇగ నాతోని కాదు. కొడుకు ముంగట్నే కూసుండె, ఎట్ల?"

ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి. నేను డ్రైవరుని అడిగాను, జీపు పక్కన ఒక్క నిమిషం దిగనిస్తావా అని. అతను కుదరదన్నాడు. చాలా మెల్లగా, బాధపడుతూనే చెప్పాడు. తర్వాత చుట్టూ చూసి, మంచినీళ్ళ సీసాలు పెట్టే ఐస్ డబ్బా చూపించి, తన సీటు మీది ఎర్ర గళ్ళ దుప్పటి తీసి నాకిచ్చాడు.

"ఏంది, ఏమైంది?" అన్నారు సార్.

నేను చెప్పాను. ఆయన ముఖం మాడిపోయింది. "అండ్ల తాగే నీళ్ళున్నయి కదా" అన్నారు.

"సీసాలు బయటికి తీస్తున్న సార్. మీరు అటు దిక్కు తిరిగి కూసోండ్రి."

ఆయనతో నేను అట్లా మాట్లాడటం అదే మొదటిసారి. ఆయన కిటికీ వైపు తిరిగారు. డ్రైవరు ముందు అద్దం వైపు చూస్తూ కదలకుండా కూర్చున్నాడు. అమ్మాయి సీసాలు తీసింది. అక్కా నేనూ వెనక సీటు దగ్గర దుప్పటిని రెండు కొసలా ఎత్తి పట్టుకున్నాం. అవ్వ దాని వెనక, ఒరిగిన జీపులో, సీటు పట్టుకుని మెల్లగా వంగింది. కాసేపు ఏమీ కాలేదు. భయానికీ సిగ్గుకూ ఒళ్ళు బిగుసుకుపోయినట్టుంది.

అప్పుడే ఆడ సింహం లేచింది. ఒళ్ళు విరుచుకుని, నేరుగా జీపు వైపు నడిచి వచ్చింది. వెనకాలే మూడు పిల్లలు. మబ్బు విడి ఎండ పచ్చగా పడుతోంది. తడిసిన బొచ్చు మీద ఆ వెలుగు ఎలా ఉందో నేను మాటల్లో చెప్పలేను. సార్ కిటికీకి ఆరడుగుల దూరంలో ఆగి ఆయన ముఖంలోకి చూసింది. ఒక పిల్ల దాని వెనక కాళ్ళ మధ్య నుంచి తొంగి చూసింది. అయిదు రోజుల్లో సార్ జంతువు వైపు ముఖం పెట్టి ఉండటం అదే మొదలు.

"తియ్యి" అన్నారాయన, పెదవులు కదలకుండా. "ఫొటో తియ్యి."

కెమెరా నా పక్కన సీటు మీదే ఉంది.

"నా చేతులు ఖాళీ లేవు సార్" అన్నాను.

"ఎందుకు అందరు సప్పుడు చేస్తలేరు?" అని దుప్పటి వెనక నుంచి అవ్వ అడిగింది.

"ఏం లేదు అవ్వా. మీరు కానియ్యిర్రి" అన్నాను.

డబ్బాలో చప్పుడు మొదలైంది. సింహం చెవులు కదిలాయి. అది ఇంకొక్క క్షణం నిలబడి, జీపు ముందు నుంచి దాటి, పిల్లలతో సహా గడ్డిలోకి వెళ్ళిపోయింది. నేను దుప్పటి కొసను ఇంకా గట్టిగా పట్టుకున్నాను. భయంతోనో, ఆ ఫొటో పోయినందుకో నాకే తెలియదు. ఆ రెండూ ఉన్నాయనే ఇప్పటికీ అనుకుంటాను.

అమ్మాయి దగ్గర ఫోన్ ఉంది కానీ, భయానికి ఫొటో తీయనేలేదు. అవ్వ చీర సర్దుకుని నా పక్కన కూర్చుని, "పానం లేసొచ్చింది" అంది. సింహం దూరం వెళ్ళాక డ్రైవరు ఒక్కడే దిగి డబ్బా ఖాళీ చేసి కడిగాడు. ముఖం చిట్లించలేదు. తర్వాత గడ్డి కోసి చక్రాల కింద వేశాడు. అవ్వ కిటికీలోంచి చేత్తో చూపిస్తూ ఉంటే అతను తల ఊపుతూ వేశాడు. పొద్దుగూకేవేళకు ఇంకో జీపు వచ్చి తాడు కట్టి మమ్మల్ని బయటికి లాగింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర సార్ నాతో మాట్లాడలేదు. ఇక ఆ ఇంటి పని పోయినట్టేనని అనుకున్నాను. పొద్దున అక్క వచ్చి, "ఇయ్యాల అత్తమ్మ బయటికి రాదట. నువ్వు ఆమె కాడ ఉండు చెల్లె" అంది. అది ఆఖరి రోజు. వాళ్ళు వెళ్ళిపోయారు. నేను, అవ్వ కరెంటు కంచె లోపల, హోటల్ వరండాలో కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. అంత దూరం వచ్చి, ఆఖరి పూట కూడా ఇక్కడే.

కాసేపటికి కంచె అవతలి పచ్చికలోకి కోరలున్న అడవి పందులు నాలుగు వచ్చాయి. ముందు కాళ్ళు మడిచి, మోకాళ్ళ మీద నిలబడి గడ్డి మేయడం మొదలుపెట్టాయి.

"సూడు, నమాజు చేసినట్టు ఎట్ల వంగినయో" అని అవ్వ నవ్వింది. అన్ని రోజుల్లో ఆమె నవ్వు వినడం అప్పుడే.

పొడుగు లెన్సు తెచ్చి రెండు గంటలు వాటినే తీశాను. ఎవరూ భుజం తట్టలేదు. అవ్వ రెండు గ్లాసుల నీళ్ళు తాగింది.

ఇంటికొచ్చాక నెల రోజులకు ఆల్బమ్ పట్టుకుని భూపాలపల్లి వెళ్ళాను. చుట్టాలున్నారు. ఆడ సింహం ఇంత దూరంలో వచ్చి నిలబడిందని సార్ చెయ్యి చాపి చూపిస్తున్నారు. "మరి గా ఫొటో ఏది?" అని ఒకాయన నన్ను అడిగాడు. నేను సార్ వైపు చూశాను. ఆయన, "అప్పుడు మా అవ్వకు జర ఇబ్బందైంది. ఈమె అవ్వను సూసుకున్నది" అన్నారు. వెళ్ళేటప్పుడు అక్క మూడు ఫంక్షన్ల తేదీలు చెప్పింది. మూడూ ఒప్పుకున్నాను.

తర్వాత పని మీద పాలకుర్తి వైపు వెళ్ళినప్పుడు ఆటో ఎక్కి అవ్వ ఊరికి పోయి పందుల ఫొటోలు రెండు ఇచ్చాను. ఆమె వాటిని చాలాసేపు చూసింది.

"మల్ల పోదామంటున్నడు నా కొడుకు. సింగపూరంట. నిన్ను గూడ తెస్తరంట. వస్తవా?"

"పిలిస్తే రాకుంటే ఎట్ల అవ్వా."

"నేను గూడ గంతే" అంది అవ్వ. ఫొటోలు కొంగులో చుట్టి పెట్టుకుని, నాకు చాయ్ పెట్టమని లోపలికి కేక వేసింది.