నిలబడి ఆడిన చెన్నప్ప

చెన్ గువాంగ్‌లిన్ పాస్‌పోర్టు మొదటిసారి నా బల్ల మీదికి వచ్చింది 1998 ఆగస్టులో. కువైట్‌లో సబా అల్ సలేంకి దగ్గర్లో ఉన్న ఒక చిన్న ఫుట్‌బాల్ క్లబ్బులో అప్పుడు నేను టైపిస్టుని. బయటి దేశాల నుంచి వచ్చే ఆటగాళ్లకి ఇఖామా, అంటే ఇక్కడ ఉండటానికి కావలసిన కార్డు, దాని కాగితాలన్నీ సిద్ధం చేయడం నా పని. బ్రెజిల్ వాళ్లవీ సెనెగల్ వాళ్లవీ చూశాను గానీ చైనా పాస్‌పోర్టు చూడటం అదే మొదలు. వయసు ఇరవై తొమ్మిది. ఒప్పంద పత్రంలో వృత్తి అన్నచోట 'ఆటగాడు, డిఫెండర్' అని ఉంది. నేను కోనసీమ వాణ్ణి, వాలీబాల్ తప్ప ఇంకో ఆట ఎరగను. డిఫెండరంటే గోలు కొట్టేవాడు కాదనీ, ఎదుటివాణ్ణి కొట్టనివ్వని వాడనీ క్లబ్బులో చేరాకే తెలిసింది. అలాంటివాడి కోసం చైనా దాకా ఎందుకు వెళ్లారా అనుకున్నాను.

తీసుకొచ్చింది మా కోచ్. ఆయన యుగోస్లావియా మనిషి. కువైట్‌కి రాకముందు చైనాలో రెండేళ్లు పనిచేశాడు. "ఈ ఒక్కడు ఉంటే నాకు నిద్ర పడుతుంది" అన్నాడట మేనేజరుతో.

క్లబ్బులో జెర్సీలు ఉతికి ఇస్త్రీ చేసే గది సిద్ధయ్యది. రాయచోటి దగ్గర పల్లె ఆయనది. కువైట్‌కి వచ్చి అప్పటికి ఐదేళ్లయింది. మిగతా ఆటగాళ్లు చెన్‌ని 'సీనీ' అని పిలిచేవారు. అరబ్బీలో చైనావాడని అర్థం. సిద్ధయ్యకి ఆ పిలుపు నచ్చలేదు.

"మనిషికి పేరుండంగా దేశం పేరు పెట్టి పిలుస్తారా సార్? చెన్ అంటే ఎవురు, మన చెన్నప్పే గదా" అన్నాడు నాతో. ఆ రోజు నుంచి చెన్నప్పే. చెన్ కూడా ఆ పేరుకి పలికేవాడు.

వాళ్లిద్దరూ మాట్లాడుకునేది ఇక్కడి పనివాళ్లందరూ మాట్లాడే వచ్చీరాని అరబ్బీలో. ఉన్నదంతా పేర్లే, క్రియలు తక్కువ. మిగిలింది చేతులు చెప్పేవి.

నవంబరులో ఒకరోజు సిద్ధయ్య రెండు జెర్సీలు పట్టుకుని నా గదికి వచ్చి తలుపు దగ్గరికి వేశాడు.

"సార్, ఈ మనిషి ఆడతాండాడా, లేదా?"

"ఎవరండీ?"

"చెన్నప్ప. ఇది వాని పక్కన ఆడేవాని చొక్కా, చూడు. గడ్డి మరకలు, మట్టి. మూడుసార్లు మిషన్లో తిప్పినా పోలా. ఇది చెన్నప్పది. చెమట తప్ప ఏం లేదు. ఆరు ఆటలైనాయి, ఒక్కనాడన్నా మరక పడలా. పైవాళ్లకి తెలిస్తే వాన్ని పంపించేస్తారేమో అని నేను గమ్మునుండా."

నాకూ వింతగానే తోచింది. ఆ వారం ఇద్దరం మ్యాచి చూడటానికి వెళ్లాం. బంతిని చూడొద్దు, చెన్‌ని మాత్రమే చూద్దాం అని అనుకున్నాం.

మొదటి పావుగంట నాకేం కనిపించలేదు. ఆ మనిషి వెనక్కి నడుస్తున్నాడు, చెయ్యెత్తి పక్కవాడికేదో చూపిస్తున్నాడు, మళ్లీ రెండడుగులు వేస్తున్నాడు. మిగతా డిఫెండర్లు నేల మీద జారుకుంటూ వెళ్లి కాళ్ల మధ్య నుంచి బంతి తన్నేస్తుంటే జనం ఈలలేస్తున్నారు. చెన్ ఒక్కసారి కూడా జారలేదు. కానీ బంతి తీసుకుని వచ్చినవాడు ఎటు తిరిగినా అటు చెన్ ముందే ఉన్నాడు. వచ్చినవాడు ఆగి, అటూ ఇటూ చూసి, బంతి వెనక్కిచ్చేసి పోతున్నాడు.

సిద్ధయ్య ఉన్నట్టుండి నా భుజం పట్టుకున్నాడు.

"మేకల్ని తోల్తాండాడు సార్! కట్టె ఎత్తల్యా, అదిలించల్యా. పొయ్యే దోవలో నిలబడుకుంటాండాడు, అంతే. అవే మళ్లుకుంటాండాయి."

ఆ తర్వాత మా ఇద్దరికీ చెన్ మీద ఆసక్తి పట్టుకుంది. ఒక శుక్రవారం సిద్ధయ్య తన గదికి పిలిచి జొన్న సంగటి, చింతపండు పచ్చిపులుసు పెట్టాడు. చైనావాడు ఇదేం తింటాడని నేను సందేహపడ్డాను. చెన్ ముద్దని వేళ్లతో చితిపి చూశాడు, వాసన చూశాడు, లేచి సంచీలో ఉన్న పిండి తీసి అరచేతిలో రాసుకున్నాడు. వాళ్ల లియావోనింగ్ రాష్ట్రంలో చిన్నప్పుడు రోజూ తిన్నది జొన్నేనట. వరి అన్నం పండక్కే.

"చైనాలో జొన్నలా!" అని సిద్ధయ్య నోరు తెరిచాడు. "మాకూ అంతే గదప్పా. వరి బువ్వ పండక్కే."

ఆ మధ్యాహ్నమే చెన్ తన సంగతులు కొన్ని చెప్పాడు. తండ్రి కాగితం మిల్లులో కార్మికుడు. పదకొండో ఏట, పొడుగ్గా ఉన్నాడని ఆటల బడికి తీసుకుపోయారు. తెల్లారగట్ల మంచులో పరుగు. తనకి గోల్స్ కొట్టాలని ఆశ. అక్కడి మాష్టారు, "పొడుగున్నావు, పరుగు లేదు, వెనక నిలబడు" అన్నాడు. అలా డిఫెండరయ్యాడు. తొంభై నాలుగులో చైనాలో జీతాలిచ్చి ఆడించే లీగు మొదలైతే అందులో నాలుగేళ్లు ఆడాడు. ఎందుకు జారడని నేనడిగితే మాత్రం పచ్చిపులుసు ఇంకాస్త పొయ్యమని గిన్నె చాపాడు.

ఏప్రిల్లో మా క్లబ్బు కప్పు సెమీఫైనల్‌కి వచ్చింది. అంతవరకూ ఎప్పుడూ రాలేదట. ఆట ఇంకో ఐదు నిమిషాల్లో అయిపోతుందనగా, గోల్స్ లేకుండా సమంగా ఉన్నప్పుడు, ఎదుటి జట్టువాడొకడు బంతితో ఒంటరిగా దూసుకొచ్చాడు. అడ్డం ఉన్నది చెన్ ఒక్కడే, అతనూ ఒక అడుగు వెనకబడ్డాడు. జారి కాలు చాపితే బంతి అందుతుంది. ఫుట్‌బాల్ తెలియని నాకే అది కనిపించింది. కోచ్ అరుస్తున్నాడు, జనం అరుస్తున్నారు. చెన్ నిలువుకాళ్ల మీదే పక్కన పరిగెత్తాడు. ఎదుటివాడు కొట్టాడు. గోలు.

మర్నాడు మేనేజరు అబూ ఫహద్ నా గదికొచ్చాడు. "వచ్చే ఏడాది వద్దని రాయి. ఖలాస్" అన్నాడు. అరబ్బీలోనూ ఇంగ్లీషులోనూ ఆ ఉత్తరం నేనే టైపు చేశాను, నేనే ఇవ్వడానికి వెళ్లాను. చెన్ ఇస్త్రీ గదిలో స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఉత్తరం చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

సిద్ధయ్య ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి సూటిగా అడిగాడు. "లేష్, చెన్నప్పా? ఎందుకు జారలేదు?"

చెన్ రెండు సబ్బు పెట్టెలు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకటి తాను. ఇంకొకటి హూ జియాన్ అనే స్నేహితుడు. ఆటల బడిలో ఎనిమిదేళ్లు ఒకే గది. ఎనభై ఎనిమిదిలో, పంతొమ్మిదేళ్ల వయసులో, తడి నేల మీద ప్రాక్టీసు జరుగుతుంటే హూ బంతితో వచ్చాడు, చెన్ జారాడు. ఒక పెట్టె రెండోదాన్ని తగిలింది. హూ చీలమండ రెండుచోట్ల విరిగింది. ఆ చప్పుడు వినిపించిందని చెవి పట్టుకుని చూపించాడు. హూ మళ్లీ ఆడలేదు. ఏదో ఫ్యాక్టరీలో బాయిలరు దగ్గర పనికి పోయాడు. అప్పటినుంచి చెన్ జారలేదు. భయపడుతున్నాడని రెండేళ్లు ఆడనివ్వకుండా బయట కూర్చోబెట్టారు. ఆ రెండేళ్లూ అవతలి వాళ్ల నడుములు చూస్తూ కూర్చున్నాడు. మనిషి ఎటు తిరగబోతాడో కాలు కంటే ముందు నడుమే చెబుతుందని అక్కడే నేర్చుకున్నాడు.

సిద్ధయ్య వేళ్ల మీద ఏళ్లు లెక్కపెట్టాడు. తర్వాత అడిగాడు.

"పదకొండేండ్లాయ. ఆ మనిషిని పొయ్యి చూసినావా?"

"మాఫీ." లేదు.

"మరి ఆయప్ప మనసులో ఏముండాదో నీకెట్ల తెల్సు?"

చెన్ సబ్బు పెట్టెలు రెండూ తీసి అరలో పెట్టేశాడు.

కోచ్ వదిలిపెట్టలేదు. ఆ ఏడాది మా జట్టు మీద పడ్డ గోల్స్ అంతకుముందు ఏడాదికి సగమే అని కాగితం మీద చూపించాడు. చివరికి అబూ ఫహద్ ఒక మెట్టు దిగాడు. పెద్ద జట్టులోకి వద్దు గానీ పద్నాలుగేళ్ల లోపు పిల్లలకి నేర్పేవాడు కావాలి, ఉంటే ఉండమన్నాడు. చెన్ ఒప్పుకున్నాడు. ఇఖామాలో 'ఆటగాడు' తీసి 'కోచ్' అని నేనే మార్చాను. అలా ముప్ఫై ఏళ్లకే అతని ఆట ముగిసింది.

ఆ వేసవిలో ఊరికెళ్లి సెప్టెంబరులో తిరిగొచ్చాడు. నేరుగా ఇస్త్రీ గదికే వచ్చాడు. సిద్ధయ్య నాకు కబురు చేశాడు.

హూని చూశాడట. హూ కొంచెం కుంటుతున్నాడు, బాగా లావయ్యాడు. ఆ బాయిలరు గదిలోనే పెళ్లాం దొరికిందని నవ్వాడట. ఆ రోజు ఆలస్యంగా కాలు పెట్టింది తానే అన్నాడు. అప్పటికి నెలరోజులుగా ఆ చీలమండ నొప్పి చేస్తుంటే, జట్టులోంచి తీసేస్తారని దాచానన్నాడు. "నా కాలు నువ్వు ఇన్నేళ్లు మోస్తున్నావా? నేనెప్పుడో దించేశాను" అన్నాడట.

ఇంత మంచి మాట చెబుతూ చెన్ మొహం మాడ్చుకుని ఉన్నాడు. నాకు అర్థం కాలేదు.

"సంతోషించాలి కదండీ?" అన్నాను ఇంగ్లీషులో.

"రెండేళ్లు బయట కూర్చున్నాను. సెమీఫైనల్ పోయింది. ఎందుకు?" అన్నాడు.

"అందువల్లేగా మీకా నిలబడే ఆట వచ్చింది?"

"కాదు. డిఫెండరుకి నిలబడటం, జారడం రెండూ రావాలి" అని లేచి వెళ్లిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం సిద్ధయ్య నన్ను కిటికీ దగ్గరికి లాక్కుపోయాడు. ఎండ మండిపోతోంది. ఖాళీ మైదానంలో చెన్ ఒక్కడే ఉన్నాడు. బంతి ఒకచోట పెట్టి, వెనక్కి వచ్చి, పరిగెత్తి, జారబోయి ఆగిపోయాడు. మళ్లీ వెళ్లాడు, మళ్లీ ఆగాడు. ఏడో ఎనిమిదో సారికి పడ్డాడు. జారడం కాదు, పడటమే. ఈత రాని మనిషి మొదటిసారి కాలవలో దూకినట్టుంది. తొడ చీరుకుపోయి లోపలికొచ్చాడు.

"ఆడేది అయిపోయింది గదప్పా, ఇప్పుడెందుకు?" అన్నాడు సిద్ధయ్య దూది అందిస్తూ.

"పిల్లలకి చెప్పాలి. నాకు రాకుండా ఎట్లా?"

రెండు నెలలు పట్టింది. ఆ తర్వాత పన్నెండేళ్లు ఆ క్లబ్బులో పిల్లలకి నేర్పాడు. జారినప్పుడు మడిచిన కాలు ఎక్కడుండాలి, అవతలివాడి చీలమండ జోలికి పోకుండా బంతిని ఎలా తప్పించాలి అన్నది మొదటి నెలంతా బంతి లేకుండానే చెప్పేవాడు. బంతి ముట్టనివ్వడేంటని కొందరు తండ్రులు గొడవ చేశారు. చెన్ పట్టించుకోలేదు. శుక్రవారాలు, పనివాళ్లు ఎక్కువగా ఉండే రిగ్గైలో ఇళ్ల వెనక ఇసక మైదానంలో పనివాళ్ల జట్టుకి కూడా నేర్పేవాడు. నలభై నాలుగేళ్ల సిద్ధయ్యని అందులో కుడివైపు డిఫెండరుగా నిలబెట్టాడు. ఊళ్లో మేకలు కాసినవాడికి ఈ పని వస్తుందన్నాడు. బాగానే వచ్చింది.

ఏటా చలికాలంలో భార్యా కూతురూ వచ్చి కొన్ని వారాలు ఉండి వెళ్లేవారు. 2011లో కూతురు పెద్ద క్లాసులకి వచ్చిందని చెన్ ఉద్యోగం మాని వెళ్లిపోయాడు. తను చదివిన ఆటల బడిలోనే పని దొరికింది.

చెన్, సిద్ధయ్య ఫోన్లు చేసుకునేవారు. మొదట్లో పావుగంట మాట్లాడుకునేవారు. అక్కడ ఆ అరబ్బీ వినేవాడూ అనేవాడూ లేక చెన్‌కి మాటలు ఒక్కొక్కటే జారిపోయాయి. "జైన్?" అని ఇతను, "జైన్, జైన్" అని అతను. బాగున్నావా, బాగున్నాను. అంతే. 2014లో ఒకసారి చెన్ ఫోను కూతురికిచ్చాడు. ఇంగ్లీషు వచ్చు కదా అని సిద్ధయ్య నాకిచ్చాడు.

"సిద్ధయ్యగారు ఇంకా శుక్రవారాలు ఆడుతున్నారా అని నాన్న అడుగుతున్నాడు" అందా అమ్మాయి.

"ఎడం మోకాలు పోయింది, మానేసినానని చెప్పు సార్" అన్నాడు సిద్ధయ్య. చెప్పాను. అవతల చైనా భాషలో ఏదో పెద్ద ఉపన్యాసం వినిపించింది. మోకాలికి చేయవలసిన కసరత్తులు నాలుగు అమ్మాయి చెబితే రాసుకున్నాను.

తర్వాత ఆమె తనే ఒకటి అడిగింది. "అంకుల్, వీళ్లిద్దరూ మాట్లాడుకునేది ఏ భాష?"

"అరబ్బీ" అన్నాను.

"కాదనుకుంటాను. మా కాలేజీలో ఒక అరబ్బు విద్యార్థి ఉన్నాడు. నాన్న అతనితో చాలాసేపు మాట్లాడాడు. ఒక్క ముక్క అర్థం కాలేదన్నాడతను."

నవ్వాపుకోలేక సిద్ధయ్యకి చెప్పాను. సిద్ధయ్య నవ్వలేదు.

"ఆ పిల్లోనికి అర్థం కాకపోతే ఏమాయ సార్? వానితో మాట్లాడల్సింది నేను గదా" అని ఫోను నా చేతిలోంచి తీసుకుని, చెన్నప్పని పిలిచి, మోకాలి సంగతి ఆ అరబ్బీలోనే మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాడు.