బావ కోసం తెరిచిన ఒక్క తలుపు

మా ఆయన ఓడలో ఇంజినీరు. మేనత్త కొడుకే కనుక పెళ్ళికి ముందు నుంచీ బావా అనే పిలిచేదాన్ని. పెళ్ళయి పదకొండేళ్ళయినా ఆ పిలుపు మారలేదు. మా ఇల్లు చెన్నైలో, తొండియార్‌పేటలో. అక్కడే ఒక బడిలో నేను కంప్యూటర్ పాఠాలు చెబుతాను. బావ ఓడెక్కాడంటే ఏడెనిమిది నెలలు ఇంట్లో అత్తా నేనూ, అంతే.

మా డాబా మీద నిలబడితే హార్బరు క్రేన్లు కనిపిస్తాయి. వాటికి అవతల, లోపలికి పిలుపు రాని ఓడలు రోజుల తరబడి ఆగి ఉంటాయి. బట్టలు ఆరేస్తూ వాటిని లెక్కపెట్టడం నాకు అలవాటు. ఇన్ని ఓడలు మా కళ్ళెదుట ఆగుతాయి కానీ బావ పనిచేసే ఓడ ఒక్కసారైనా చెన్నై రాలేదు.

అప్పట్లో అతనున్నది పాత ఓడ. నడిసముద్రంలో ఉన్నప్పుడు వారానికి ఒక చిన్న మెయిలు పంపుకోనిచ్చేవాళ్ళు, నాలుగైదు వాక్యాలు. రేవు చేరితే నావికుల విడిదిలో వైఫై ఉంటుంది. కానీ చాలాచోట్ల ఆ వైఫైలో వార్తలు చదువుకోవచ్చు గానీ ఇంటికి కాల్ చేయనివ్వరు. ఒకసారి సెలవులో ఉండగా బావే అడిగాడు.

"బడి పిల్లకాయలకి అంత కంప్యూటర్ నేర్పిస్తావు గదా. నేను యాడుండినా నేరుగా మనింట్లోకి వచ్చేదానికి ఒక దారి చెయ్యరాదా?"

చేయవచ్చని నాకు తెలుసు. బయటి ఊళ్ళో ఉన్న ఫోనుకీ మన ఇంటికీ మధ్య, ఇంకెవరూ తొంగిచూడలేని సొరంగం లాంటి దారి ఒకటి వేయాలి. అతను ముందు ఇంట్లోకి వచ్చి, ఇక్కడి నుంచి కాల్ చేసినట్టు చేస్తాడన్నమాట. కానీ కేబుల్ వాళ్ళు ఇచ్చిన తెల్ల రౌటర్‌తో అది అయ్యే పని కాదు. దాని తాళం వాళ్ళ చేతిలోనే ఉంది. అందుకని సొంతంగా ఒకటి కట్టుకుందామనుకున్నాం.

ఇద్దరం ఎలక్ట్రానిక్ సామాన్లు దొరికే రిచ్చీ స్ట్రీట్‌కి పోయి, ఫ్యాను లేని చిన్న కంప్యూటర్ ఒకటి వెతికి తెచ్చాం. టిఫిన్ డబ్బా మూతంత ఉంటుంది. వెనక రెండు నెట్‌వర్క్ సాకెట్లు, ఒకటి వీధి వైపుకి, ఒకటి ఇంటి వైపుకి. భోజనాల బల్ల మీద పెట్టి పెన్ డ్రైవ్‌తో లినక్స్ ఎక్కించాను. బావ దాని మీద చేయి వేసి చూసి పెదవి విరిచాడు. "ఇంత కాలితే మన ఊరి ఎండకి నిలవదు," అని అల్యూమినియం పట్టీ ముక్కలు తెచ్చి, గడప మీద కూర్చుని రెండు గంటలు ఆకురాయితో రాసి, కింద గాలి ఆడేలా నాలుగు కాళ్ళు చేశాడు. అంత పెద్ద ఇంజన్లు చూసుకునే మనిషి ఇంత చిన్న పెట్టెకు కాళ్ళు చేస్తున్నాడని అత్త నవ్వింది.

పెట్టెలో కాపలా కాసే ఫైర్‌వాల్‌కి మొదట రాసే నియమం ఒకటే. బయటి నుంచి ఏది వచ్చినా లోపలికి రానివ్వకు. ఆ తర్వాత కావలసిన వాటికి మాత్రం ఒక్కొక్కటిగా దారి ఇవ్వాలి. నేను టైపు చేస్తుంటే బావ నా భుజం మీదుగా చూస్తున్నాడు.

"అన్నీ మూసేసినావే! మళ్ళ నేను యాడ నుంచి వచ్చేది?"

"నీకు ఒక తలుపు పెడతాలే బావా."

"ఒకటే దానా?"

"ఎన్ని కావాలేంది నీకు?"

ఆ తలుపు అతని ఫోన్లో ఉన్న తాళంచెవికే తెరుచుకుంటుంది. వేరే ఎవరు తట్టినా పలకదు, అక్కడ తలుపుందని కూడా తెలియనివ్వదు. మా వీధిలో చాలా ఇళ్ళకు కలిపి కేబుల్ వాళ్ళు ఒకే ఇంటర్నెట్ చిరునామా వాడుతుండేవాళ్ళు, అలాగైతే బయటి నుంచి వచ్చేవాళ్ళకు మా ఇల్లు దొరకదు. మా ఇంటికి విడిగా ఒకటి ఇవ్వమని వాళ్ళ ఆఫీసుకి మూడుసార్లు తిరిగాను.

పరీక్ష చేయడానికి బావ బండేసుకుని తిరువొత్తియూరు పోయి, సముద్రం ఒడ్డున రాళ్ళ మీద కూర్చున్నాడు. నేను ఇంట్లో తెర ముందు ఉన్నాను. ఆ పెట్టెలో ఒక ఆదేశం ఇస్తే లేటెస్ట్ హ్యాండ్‌షేక్ అని ఒక వరస వస్తుంది. అవతలి ఫోను, మన పెట్టె చివరిసారి ఒకదాన్నొకటి గుర్తుపట్టి చేయి కలిపి ఎంతసేపయిందో అందులో ఉంటుంది. మూడు సెకన్ల క్రితం అని పడింది. ఫోన్లో బావ అరిచాడు, "వచ్చేసినా చూడు! ఇంట్లో ఉండా!"

"రాళ్ళ మీద కూర్చోని ఇంట్లో ఉండానంటాడు, పిచ్చోడు," అంది అత్త. కానీ ఆ తెర ముందు నుంచి తనూ లేవలేదు.

బావ ఓడెక్కాక నా రోజు ఆ వరసతోనే మొదలయ్యేది. పొయ్యి మీద పాలు పెట్టి, అవి పొంగేలోపు చూసి వచ్చేదాన్ని. ఆరు రోజుల క్రితం. తొమ్మిది రోజుల క్రితం. ఒక్కోనాడు నలభై సెకన్ల క్రితం అని ఉండేది. అంటే ఏదో రేవులో దిగాడు, ఇప్పుడే తలుపు తీసుకుని లోపలికి వచ్చాడు. ఇంకో నిమిషంలో ఫోను మోగుతుంది. ఆ ఒక్క నిమిషం అంటే నాకు ప్రాణం. అతని గొంతు వినడం కన్నా, వినబోతున్నానని తెలిసిన ఆ నిమిషమే ఎక్కువ బాగుండేది.

అత్త రోజూ ఒక నిమిషం ఫోన్లో మాట్లాడి రికార్డు చేసేది. ఏం చేప తెచ్చింది, కింది ఇంటివాళ్ళు నీళ్ళ మోటారు కోసం ఎందుకు పోట్లాడారు, ఇవే. నేను వాటిని ఇంటి కంప్యూటర్లో పెట్టేదాన్ని. బావ రేవు చేరినప్పుడల్లా వాటన్నిటినీ దింపుకుని, మళ్ళీ సముద్రంలోకి పోయాక రోజుకొకటి చొప్పున వినేవాడు.

ఆ ఏడు అతని ఓడ ఆఫ్రికాను చుట్టి పోవలసి వచ్చింది. పదిహేను రోజులు, ఇరవై రోజులు, వరసలో అంకె పెరుగుతూ పోయింది. మెయిళ్ళు వస్తూనే ఉన్నాయి. క్షేమమే, ఎండగా ఉంది, పని ఎక్కువగా ఉంది. అయినా నాకు ఆ అంకె మీదే ధ్యాస.

అప్పుడే పెట్టెకు ఒక ముఖ్యమైన అప్‌డేట్ వచ్చింది. ఎక్కించాను. కానీ అది అమల్లోకి రావాలంటే పెట్టెను ఒకసారి ఆపి మళ్ళీ మొదలుపెట్టాలి. ఆపితే ఆ వరస చెరిగిపోతుంది. అతను మళ్ళీ వచ్చేదాకా అక్కడ ఏమీ ఉండదు. రేపు చేద్దాంలే అనుకున్నాను. మర్నాడూ అదే అనుకున్నాను. అప్‌డేట్‌లు వాయిదా వేయకూడదని క్లాసులో పిల్లలకు చెప్పి, ఇంటికొచ్చి నేనే వాయిదా వేసేదాన్ని. చివరిసారి అతను వచ్చిన తేదీని ఒక కాగితం మీద రాసుకుంటే సరిపోయేది. ఆ సంగతి నాకు తెలియక కాదు. కాగితం మీద తేదీ ఎదగదు గదా, కదలకుండా పడి ఉంటుంది. ఆ వరసలో మాత్రం సెకన్లు తిరుగుతూనే ఉండేవి. నాకు అలాంటిదే కావాలి.

"ఎన్ని దినాలాయె?" అని అత్త రోజూ కాఫీ తాగుతూ అడిగేది. చెప్పేదాన్ని.

ముప్పై మూడో రోజున వాన పట్టింది. సోమవారం మధ్యాహ్నానికి మా వీధిలో మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి, కరెంటు తీసేశారు. పెట్టె బ్యాటరీ మీద ఉంది. అది గంటన్నరే వస్తుంది. దానంతటది చచ్చిపోతే డిస్కు పాడయ్యే ప్రమాదం ఉంది, ముందుగా మనమే ఆపేయాలి. నేను తెర ముందు కూర్చున్నాను గానీ ఆపమనే ఆదేశం టైపు చేయలేదు. అత్త కొవ్వొత్తి వెతుకుతూ అటు వచ్చి నన్ను చూసింది.

"ఏందిమ్మా, ఏమైంది?"

"ఆపాల అత్తా. ఆపితే బావ వచ్చిపోయిన లెక్క పోతాది."

అత్త నా పక్కన కూర్చుంది. "వాడు ఆడ సముద్రంలో ఉండాడమ్మా. ఈ డబ్బాలో లేడు. ఆపెయ్."

ఆపేశాను. దాని పైన వెలిగే నీలం దీపం ఆరిపోయింది.

బుధవారం పొద్దున కరెంటు వచ్చింది. సెల్ టవర్లు ఇంకా లేవు. పెట్టె వెలిగింది కానీ ఇంట్లో ఇంటర్నెట్ రాలేదు. కేబుల్ లైను నీళ్ళలో ఉందేమోనని రోజంతా కాచుకున్నాను. సాయంత్రం పక్కింటివాళ్ళకు వచ్చింది, మాకు రాలేదు. గురువారం పొద్దున పెట్టెను టీవీకి తగిలించి చూస్తే అసలు సంగతి బయటపడింది. కొత్త అప్‌డేట్‌తో మొదలయ్యేసరికి ఆ రెండు సాకెట్లకూ లోపల పేర్లు మారిపోయాయి. నేను దారులు రాసింది పాత పేర్ల మీద. ఆ దారులేవీ పనిచేయలేదు. ఏది వచ్చినా రానివ్వకు అన్న మొదటి నియమం ఒక్కటే మిగిలింది. సాకెట్ల పేర్లు ఇక ఎప్పటికీ మారకుండా వాటి సొంత నంబర్లకు కట్టేసి సరిచేశాను. పావుగంట పని. ఎండ కాసిన ఒక ఆదివారం నాడు చేసి ఉంటే ఎవరికీ తెలియకుండా అయిపోయేది.

శనివారం బావ మెయిలు వచ్చింది. బుధవారం మనకు రాత్రివేళ రేవులో దిగాడట. నాలుగు గంటలు మాత్రమే వదిలారట. "ఇల్లు పలకలేదు. ఫోనూ పలకలేదు. వాన వార్తలు చూశాను. మీరిద్దరూ ఎట్లున్నారో వెంటనే రాయి." అంతే ఉంది.

జవాబు రాశాను, క్షేమం అని. తర్వాత స్నానాల గదిలోకి పోయి కుళాయి విప్పి ఏడ్చాను. నెల్లాళ్ళు నేను ఎదురుచూసిన మనిషి నా ఇంటి తలుపు తట్టాడు. తీయొద్దని రాసిపెట్టింది నేనే.

ఆ తర్వాత పదహారు రోజులు తెర మీద ఆ వరస ఉండవలసిన చోటు ఖాళీగా ఉంది. పదిహేడో రోజు బడికి బయలుదేరుతూ ఉండగా ఫోను మోగింది. ముందు అత్త మాట్లాడింది. తర్వాత నేను తీసుకున్నాను. ఎంతోసేపు వానల గురించి మాట్లాడుకుని, చివరికి అడిగాను.

"ఆ దినం నాలుగు గంటలు ఏం చేసినావు బావా?"

"ఏం చేస్తా? ఆన్ చేసినా, ఆఫ్ చేసినా. మళ్ళా ఆన్ చేసినా. మనూరి రోడ్ల మీద పడవలు పోతా ఉండేది టీవీలో చూపిస్తా ఉండారు. పక్కన ఒక ఫిలిప్పీన్స్ ఆయన ఉండినాడు. నా మొగం చూసి, ఒక బిస్కెట్ పాకెట్ ఈడ పెట్టి లేచిపోయినాడు."

నేను ఉన్నదున్నట్టు చెప్పేశాను. అప్‌డేట్ వచ్చినా రోజుల తరబడి పెట్టెను ఆపలేదని, ఎందుకు ఆపలేదో, ఆపాక ఏమైందో. సొరంగం తెగిందేమోనని తెర వంక చూశాను. తెగలేదు.

"ఇంజన్ని గూడా సర్వీసుకి ఆపతాం," అన్నాడు మెల్లగా. "ఆపకుండా నడిపితే నడిసముద్రంలో నిలస్తాది. నేను రాలేదని డబ్బాని అట్ల నడిపిస్తారా ఎవురైనా? ఆ నాలుగు గంటలు నాకు నువ్వే దా కావాల్సింది. లెక్క ఎవురికి కావాల?"

అప్పటి నుంచి నెలకొక ఆదివారం, అవసరం ఉన్నా లేకపోయినా, పెట్టెను ఆపి దుమ్ము తుడిచి మళ్ళీ మొదలుపెడతాను.

ఇప్పుడు బావ పనిచేసేది కొత్త ఓడ. నడిసముద్రంలోనూ ఇంటర్నెట్ ఉంటుంది. ఆ వరసలో అంకె రెండు నిమిషాలు దాటడం లేదు, చూడడం కూడా మానేశాను. రోజూ పొద్దున వీడియోలో కనిపిస్తాడు. నేను ఇడ్లీ తింటుంటే అతను ఏదో తింటుంటాడు. మాటలకు కరువు లేదు. కాల్ పెట్టేశాక మాత్రం ఇల్లు ముందుకన్నా పెద్దదైనట్టుంటుంది. ఫోను మోగబోయే ముందు ఉండే ఆ నిమిషం కూడా ఇప్పుడు లేదు. దాని కోసం కూడా బెంగపెట్టుకోవచ్చని నాకు ఇంతకుముందు తెలియదు.

మొన్న ఆదివారం అత్త వంజరం చేప తెచ్చి, కెమెరాకి దగ్గరగా పట్టి చూపించింది. బావ లొట్టలు వేశాడు. నీ తల దగ్గరికి తెమ్మని అత్త అడిగితే వంచి చూపించాడు, నడినెత్తిన జుట్టు పలచబడింది. కాల్ అయిపోయాక అత్త చేతిలో చేపతోనే కాసేపు అట్లాగే కూర్చుంది.

"దినామూ మొగం చూస్తా ఉండా. తలకి ఇంత నూనె పెట్టేదానికి గాలేదు," అని లేచి, చేప తోమడానికి కుళాయి దగ్గరికి పోయింది.

నేను మసాలా నూరడానికి లేచాను. అతని సెలవుకి ఇంకా నాలుగు నెలలుంది.