బుల్లయ్య తప్పిన తూకం

బుల్లయ్య ఆ రోజు పొరపాటు పడ్డాడా, అబద్ధమాడాడా, లేక ఎప్పటిలాగే నిజమే చెప్పాడా? ఏడాది దాటింది. ఈ మూడింట్లో ఏదో నాకింకా తేలలేదు. అతణ్ణే అడగొచ్చు గదా అంటారు. అడిగాను. నా చేతిలో పుస్తకం లాక్కుని, "మూడొందల నలభై గ్రాములు" అన్నాడు.

అదీ బుల్లయ్య. ఏ వస్తువు చేతికందినా ముందు దాని బరువు చెప్పాలి. తక్కిన లోకమంతా ఆ తర్వాతే. గుంటూరు మిర్చి యార్డులో ముప్పై ఎనిమిదేళ్ళు కాటా దగ్గర పనిచేశాడు. మిరపకాయల బస్తా, యార్డు మాటలో టిక్కీ, కాటా మీదికెక్కక ముందే, దాన్ని ఓ పక్క కాస్త పైకెత్తి బరువు చెప్పేసేవాడట. కాటా వచ్చి అతని మాటకు సాక్షి సంతకం పెట్టేదట. రిటైరయ్యాక యార్డు అతణ్ణి వదిలిపెట్టింది గానీ, అతను కాటాని వదల్లేదు.

మా వీధిలో పెళ్ళి శుభలేఖ ఇవ్వడానికి ఎవరైనా వస్తే ముందు దాన్ని అరచేతిలో ఆడిస్తాడు. "నూట ఎనభై గ్రాములు. ఇందులో రమ్మని పిలిచిన మాట పది గ్రాములుంటదేమో. మిగతాదంతా అట్టే." పిలవడానికి వచ్చినవాడు నవ్వాలో వద్దో తెలియక నిలబడతాడు. ఓసారి బారసాలలో పసిబిడ్డను ఒళ్ళో పెడితే, "మూడు కిలోల రెండొందలు. గుడ్డల తరుగు తీస్తే మూడు" అన్నాడు. తరుగంటే యార్డులో సరుకు తేమకీ తాలు కాయలకీ కోసే కోత. బిడ్డకు తరుగు తీస్తాడా అని అమ్మమ్మగారు మండిపడింది. ఆ పొద్దున ఆసుపత్రిలో తూచిన కాగితం తెచ్చి చూస్తే సరిగ్గా మూడు కిలోలు. ఆవిడ కోపం రెండింతలైంది.

ఇంట్లో ఇంకా అన్యాయం. అతని భార్య సుబ్బరావమ్మ గారు ఇడ్లీ వడ్డిస్తే, "నిన్న నలభై ఐదు, ఇవాళ నలభై రెండు" అంటాడు. "మింగి చెప్పండి" అంటుంది ఆవిడ. పెళ్ళిచూపులకు వచ్చినప్పుడు తనని ఎత్తి చూడలేదని, తన జాతకంలో అదొక్కటే మంచి గ్రహమని ఆవిడ మా ఇంట్లో చాలాసార్లు చెప్పింది.

నేను లైబ్రేరియన్‌గా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఎవరికీ ఏనాడూ పాఠం చెప్పలేదు. అయినా బుల్లయ్యకు నేను మేష్టార్నే. నా పుస్తకాలన్నీ అతనికి బరువుగానే తెలుసు. "నిన్నటి కంటే తేలిగ్గా ఉందే, కథలా?" అని అడుగుతాడు. సాధారణంగా కథలే అయి ఉంటాయి.

ఇంకో గుణం కూడా చెప్పాలి, ముందు ముందు అవసరం పడుతుంది. బుల్లయ్యకు సెలవు తీసుకోవడం చేతకాదు. కుర్చీలోంచి లేస్తూ ఒకసారి, గడప దగ్గర ఒకసారి, మెట్ల మీద ఒకసారి "పోయొస్తా" అంటాడు. అప్పుడు మా గూట్లో తాళంకప్ప కంటబడుతుంది. దాన్ని తూచడానికి వెనక్కి వస్తాడు. అతను వచ్చిన పని అయిదు నిమిషాలు, వెళ్ళే పని అరగంట.

రోజూ పదకొండు గంటలకు మేమిద్దరం వీధి మలుపులో లక్ష్మీదుర్గ నడిపే నెట్ సెంటర్‌కు వెళ్ళి కూర్చుంటాం. ఆమెది కనిగిరి. భర్త పోయాక ఈ కొట్టు పెట్టి నిలదొక్కుకుంది. దరఖాస్తులు, హాల్ టికెట్లు, ఆధార్ తంటాలు అన్నీ ఆమె చేతి మీదుగానే సాగుతాయి. కొరియర్ కూడా తీసుకుంటుంది కాబట్టి బల్ల మీద చిన్న డిజిటల్ కాటా ఉంది. బుల్లయ్య ఆ కొట్టుకు రావడానికి అసలు కారణం ఆ కాటాయే.

వాళ్ళిద్దరికీ నిరుటికే ఆరేళ్ళుగా పందెం. ఆమె ఏదో ఒకటి చేతికిస్తుంది, అతను బరువు చెబుతాడు, కాటా మీద పెడతారు. అయిదు గ్రాములు దాటి తప్పితే ఓడినట్టు. ఓడితే ఏమిస్తావు బాబాయ్ అని మొదటి రోజే అడిగింది.

"ఓడిన రోజు నా చేతిలో ఏముంటే అది నీది" అన్నాడు బుల్లయ్య.

"నా స్టాప్లర్ నాకే ఇస్తావా?"

"ఓడించి అడుగు."

స్టాప్లర్ అయింది, టిఫిన్ డబ్బా అయింది, సగం కొబ్బరిచిప్ప అయింది. ఒకసారి బజ్జీల పొట్లంలో రహస్యంగా గులకరాయి పెట్టింది. బుల్లయ్య బరువూ చెప్పాడు, "ఒక బజ్జీ సరిగా ఉడకలా" అని కూడా చెప్పాడు. అతను ఓడిపోవడం ఒక్కసారి చూడాలని ఆ పిల్లకు పట్టుదల. పిల్ల అంటున్నాను, ఆమెకు నలభై దాటాయి.

నిరుడు వానాకాలంలో ఆమెకు కీళ్ళ జ్వరం వచ్చింది. జ్వరం పోయింది, కుడి మణికట్టులో నొప్పి మాత్రం కాపురం పెట్టింది. పాత మౌస్ పట్టుకుని గంట పనిచేస్తే చెయ్యి వాచేది. దాని వైరు బల్ల అంచుకు తగులుకున్నప్పుడల్లా ఎత్తి పెట్టాలి, ఎత్తినప్పుడల్లా పెదవి కొరుక్కునేది. వరస కట్టినవాళ్ళు విసుక్కుని మెయిన్ రోడ్డు కొట్లకు పోవడం మొదలుపెట్టారు. ఏదైనా మంచి సామాను కొనిస్తానని నేనొకసారి నోరు జారాను.

"జాలిపడి ఎవరేమిచ్చినా నేను తీసుకోను మేష్టారూ. అలా తీసుకునేదాన్నయితే పుట్టింట్లోనే కూర్చునేదాన్ని" అంది. గొంతు పెంచలేదు. నేనింకెప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

ఓ శుక్రవారం ప్రింటర్ వెనక తెల్ల అట్ట ఒకటి బోర్లా పెట్టి ఉండటం చూశాం. బుల్లయ్య అలవాటు కొద్దీ చేతిలోకి తీసుకున్నాడు. తిప్పి చూస్తే 'ఈ షాపు అద్దెకు ఇవ్వబడును' అని ఉంది. వచ్చే శుక్రవారం తగిలిస్తానంది ఆమె, తెర మీంచి కళ్ళు తిప్పకుండా. బుల్లయ్య అట్టను మళ్ళీ బోర్లా పెట్టాడు. దాని బరువు చెప్పలేదు. నాకు తెలిసి అదే మొదటిసారి.

సోమవారం పొద్దున్నే నన్ను అరండల్‌పేటలో మాలిక్ కంప్యూటర్ల కొట్టుకు లాక్కుపోయాడు. మౌసులన్నీ బయట పెట్టమన్నాడు. మాలిక్ గాజు బల్ల మీద పది పరిచాడు. బుల్లయ్య ఒక్కోటీ ఎత్తడం, "నూట ఇరవై, తాలు", "తొంభై ఐదు, తాలు" అంటూ పక్కకు నెట్టడం. చివరికి మాలిక్ లోపలికెళ్ళి ఓ నల్లపెట్టె తెచ్చాడు. అందులో వైరు లేని మౌసు, వీపంతా తేనెపట్టు లాగా చిల్లులు.

"దీనికి పురుగు పట్టిందేందయ్యా" అన్నాడు బుల్లయ్య.

"పురుగు కాదు పెద్దాయనా, బరువు తగ్గడానికి కంపెనీ వాళ్ళే పెట్టిన చిల్లులు. గేములాడే వాళ్ళ కోసం చేసింది."

బుల్లయ్య అరచేతిలో ఆడించాడు. "అరవై ఒకటి." మాలిక్ పెట్టె తిప్పి చూశాడు. అరవై ఒకటి అనే ఉంది. బుల్లయ్య ఆ మౌసు వంక తలపండిన రైతు వంక చూసినట్టు మర్యాదగా చూశాడు. చెప్పిన బరువుకు తరుగు లేని సరుకు ఈ మధ్య కంటబడలేదన్నాడు.

ఇక పరీక్ష మొదలైంది. ఎండుమిరప కాయను ఆడించినట్టు చెవి దగ్గర ఆడించాడు. గింజ మోగలేదు. మిరపకాయకైతే మోగాలి, దీనికి మోగకూడదని తనే తేల్చాడు. మీట నొక్కి, తొడిమ విరిచినంత శుభ్రంగా చప్పుడొచ్చిందన్నాడు. వాసన కూడా చూశాడు, దాని ఫలితం చెప్పలేదు. తర్వాత, గేములది కాబట్టి గేమే ఆడి చూస్తానన్నాడు.

మూడు రోజులు ఆడాడు. నేను పక్కన కూర్చుని రెండు పుస్తకాలు పూర్తి చేశాను. తెర మీద ఎవరో తుపాకులు పట్టుకుని తిరిగే ఆట అది. మొదటి రోజు తొమ్మిది సెకన్లలో చచ్చిపోయాడు. మూడో రోజుకు రెండు నిమిషాలు బతికాడు. చచ్చినప్పుడల్లా ఆట సంగతి పట్టించుకోకుండా మణికట్టు తిప్పి చూసుకునేవాడు. "చచ్చాను గానీ చెయ్యి నొప్పి పుట్టలా" అని మాలిక్‌కు నివేదిక ఇచ్చేవాడు. మాలిక్‌కు ఇంకో బాధ. ఈయన మౌసు ఎడంచేత్తో పడతాడు. ఎప్పుడో టిక్కీ జారి మీద పడి నలిగిన చెయ్యి అది, చెంబు ఎత్తినా కలుక్కుమంటుంది. కుడిచేత్తో పట్టమని మాలిక్ మూడు రోజులూ చెప్పాడు, ఈయన మూడు రోజులూ వినలేదు.

చార్జింగు పెట్టకుండా మూడు రోజులు నడిచిందని రుజువయ్యాక కొన్నాడు. ఇంట్లో కంప్యూటరుకు దీన్ని ఎలా తగిలించాలో మాలిక్ చెప్పబోయాడు.

"ఇంట్లో కంప్యూటరు లేదు" అన్నాడు బుల్లయ్య.

"మరి ఎందుకు పెద్దాయనా?"

"బరువు బాగుంది."

తిరిగొస్తూ ఎడంచెయ్యి సంగతి నేనూ అడిగాను. "కుడిచెయ్యికి అన్నీ తేలికే మేష్టారూ" అని ఊరుకున్నాడు. బాగానే ఉంది గానీ, లక్ష్మీదుర్గ ఆ మౌసును ఈయన మొహాన కొడుతుందని నా భయం. ఆ రాత్రి నేను సరిగా చదవలేదు.

మర్నాడు కొట్టులో హాల్ టికెట్ల వాళ్ళు మెట్ల దాకా నిలబడి ఉన్నారు. అట్ట ప్రింటర్ వెనకే ఉంది. బుల్లయ్య జేబులోంచి మౌసు తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. అదేంటి బాబాయ్, చిల్లుల గరిటెలా ఉందని ఆమె నవ్వింది.

"కొత్త సరుకు. బరువు చెప్తా, కాటా పెట్టు."

మామూలుగా వస్తువు అరచేతిలో కుదురుకోక ముందే అంకె నోట్లోంచి వస్తుంది. ఆ రోజు కళ్ళు మూసుకున్నాడు. తెరిచాడు. నుదురు తుడుచుకున్నాడు. యార్డులో లారీ ఎత్తమన్నా అంత చెమట పట్టి ఉండదు.

"నూట పది" అన్నాడు.

నేను ఉలిక్కిపడ్డాను. కాటా అరవై ఒకటి చూపించింది. ఆమె తీసి, సున్నా నొక్కి మళ్ళీ పెట్టింది. అరవై ఒకటి.

"ఓడిపోయావు బాబాయ్" అంది మెల్లగా. తర్వాత వరసలో వాళ్ళందరికీ వినపడేట్టు అంది. "ఆరేళ్ళ నించీ చూస్తున్నాను. ఓడిపోయాడండీ ఈయన."

"కాటాకు బ్యాటరీ మార్పించు" అని గొణిగాడు బుల్లయ్య.

"కాటాను అనొద్దు. పందెం సంగతి చెప్పు."

"పందెం పందెమే. చేతిలో ఉన్నది నీది."

జాలిగా ఇస్తే వీధిలోకి విసిరేసే మనిషి, గెలిచిన కప్పులాగా దాన్ని లాక్కుంది. వైరు పీకి పాత మౌసును నా వైపు నెట్టింది. కొత్తది తగిలించింది. బల్ల మీది రేకు లేచి గరుగ్గా ఉందని అటూ ఇటూ వెతికి, ప్రింటర్ వెనకనున్న అట్ట లాగి, రాత కిందికి వచ్చేట్టు పరిచి, దాని మీద మౌసు పెట్టింది. ఒక హాల్ టికెట్టు, రెండు, అయిదు. పెదవి కొరుక్కోలేదు. వరస కదిలింది.

నేను ఊరికే కూర్చోలేక పాత మౌసును, వైరు చుట్టి, కాటా మీద పెట్టాను. నూట పది. గ్రాము అటూ ఇటూ లేదు.

బుల్లయ్యకు చూపిద్దామని తిరిగాను. కుర్చీ ఖాళీగా ఉంది. గడప దగ్గర లేడు, మెట్ల మీద లేడు. చెప్పులు కూడా లేవు. వెళ్ళడానికి అరగంట పట్టే మనిషి.

"బాబాయ్ ఏడి మేష్టారూ?" అని అడిగింది లక్ష్మీదుర్గ. వెళ్ళిపోయాడని చెప్పాను.

"చెప్పకుండానా? ఓడానని ఉడుక్కున్నాడు" అని నవ్వుతూ ఇటు తిరిగింది. కాటా మీదున్న పాత మౌసునీ, ఆ అంకెనీ కాసేపు చూసింది. చెయ్యి చాపి మౌసు తీసి సొరుగులో వేసింది, కాటా సున్నాకు వచ్చింది. "తర్వాత ఎవరండీ?" అని పిలిచింది.